అనంతపురంలో చదువుకుంటూ వాలంటీర్‌గా పనిచేయాలంటే: చేరడం నుంచి జూనియర్లకు అప్పజెప్పేదాకా

ఏటా అడ్మిషన్లు ముగిసి క్లాసులు గాడిన పడేసరికి కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపిస్తుంది: ‘ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరదలచిన విద్యార్థులు ప్రోగ్రాం ఆఫీసర్‌ను సంప్రదించగలరు.’ ఎన్‌ఎస్‌ఎస్ అంటే జాతీయ సేవా పథకం, విద్యార్థులు వాలంటీర్లుగా పనిచేసే కార్యక్రమం. చాలామంది చదివి ముందుకెళ్లిపోతారు. కొందరు సర్టిఫికెట్ వస్తుందని పేరిస్తారు. నిజంగా ఏదైనా చేయాలని ఉన్నవాళ్లు మాత్రం ఎవరిని కలవాలో, ఏమడగాలో తెలియక ఆగిపోతారు. ఇది ఆ మూడో రకం వాళ్ల కోసం రాస్తున్నాను.

ఇటుకలపల్లి దగ్గర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, ఊళ్లో జేఎన్‌టీయూ, 1916 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ, 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం... వీటిలో ఎక్కడ చదువుతున్నా మీకు చేయడానికి పని ఉంది. కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ, కడపలో యోగి వేమన యూనివర్సిటీ పిల్లలకూ పద్ధతి ఇంచుమించు ఇదే.

విద్యార్థులతో ఈ పనులు చేయిస్తూ వచ్చిన నాకు ఒక అభిప్రాయం గట్టిగా స్థిరపడింది. సేవలో విలువంతా మళ్లీ మళ్లీ వెళ్లడంలో ఉంది. బ్యానర్ కట్టి వంద మందితో ఒక్కరోజు చేసే కార్యక్రమం కన్నా, ప్రతి బుధవారం సాయంత్రం అదే చోటికి, అదే పనికి వెళ్లే ఐదుగురు ఎక్కువ మేలు చేస్తారు. కింద చెప్పినవన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నాను.

మొదటి అడుగు: మీ వారాన్ని కాగితం మీద పెట్టండి

ఏ పనికి పేరివ్వాలో తేల్చుకునే ముందు మీకు ఎన్ని గంటలు ఉన్నాయో చూడండి. ల్యాబ్ రోజులు, మిడ్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు, ఇంటికెళ్లే శనాదివారాలు అన్నీ గుర్తుపెట్టుకోండి. ధర్మవరం నుంచో తాడిపత్రి నుంచో రోజూ వచ్చిపోయేవాళ్లకు సాయంత్రం బస్సో రైలో దాటిపోతే ఇంట్లో టెన్షన్. అలాంటివాళ్లు మధ్యాహ్నం భోజన విరామంలో, క్యాంపస్‌లోపలే అయ్యే పనిని ఎంచుకోవాలి. హాస్టల్లో ఉండేవాళ్లకు సాయంత్రాలు దొరుకుతాయి. కానీ అమ్మాయిల హాస్టల్ గేటు వేసే వేళను లెక్కలోకి తీసుకోకుండా ఏ పనీ పెట్టుకోవద్దు.

ఎన్‌ఎస్‌ఎస్ అడిగేది ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240. కాలేజీ నడిచేది నలభై వారాలనుకుంటే వారానికి మూడు గంటలు. వినడానికి తక్కువే, కానీ పరీక్షల వారాల్లో అదీ కుదరదు. అందుకని సెమిస్టర్ మొదట్లో కాస్త ఎక్కువ, చివర్లో తక్కువ పెట్టుకోండి. ఇంజినీరింగ్ పిల్లలు, బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు వారానికి ఒక్క గంటతో మొదలుపెట్టినా తప్పులేదు. ఒప్పుకున్న గంట తప్పకుండా ఇస్తే చాలు.

రెండో అడుగు: ఏ తలుపు తట్టాలి

ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. బ్యాడ్జీ మీద కనిపించేది కోణార్క సూర్యదేవాలయంలోని రథచక్రం. దాని ఎనిమిది ఆకులు రోజులోని ఎనిమిది జాములకు, అంటే ఇరవై నాలుగు గంటలకు గుర్తు. సాధారణంగా ఒక యూనిట్‌కు వంద మంది, వాళ్లకు ఒక ప్రోగ్రాం ఆఫీసర్. ఆయన లేదా ఆమె మీ కాలేజీ లెక్చరరే. ఏ డిపార్టుమెంటులో ఉంటారో ఆఫీసులో అడిగితే చెబుతారు. వెళ్లేటప్పుడు రెండు ఫొటోలు, ఐడీ కార్డు జిరాక్స్, బ్లడ్ గ్రూప్ వివరం వెంట పెట్టుకుంటే ఒక్కసారికే పని అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబరు 31న ప్రారంభించిన మై భారత్ పోర్టల్‌లోనూ పేరు నమోదు చేసుకోండి.

కలిసినప్పుడు ‘సార్, చేరొచ్చా’ అని అడిగి ఊరుకోకుండా మూడు సంగతులు కనుక్కోండి: మన యూనిట్ దత్తత గ్రామం ఏది? ఈ ఏడాది ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఎప్పుడు? వారంవారం జరిగే పని ఏదైనా ఉందా? మూడో ప్రశ్నకు లేదని జవాబొస్తే, దాన్ని మొదలుపెట్టే బాధ్యత మీరే అడిగి తీసుకోండి. నిజానికి చాలామంది ప్రోగ్రాం ఆఫీసర్లు అలా అడిగే విద్యార్థి కోసమే ఎదురుచూస్తుంటారు. పాఠాలు, వాల్యుయేషన్, పై నుంచి వచ్చే రిపోర్టుల మధ్య వాళ్లకు ఊపిరి సలపదు.

ఎన్‌ఎస్‌ఎస్‌లో ఖాళీ లేకపోతే యూత్ రెడ్‌క్రాస్, రెడ్ రిబ్బన్ క్లబ్ ఉంటాయి. రక్తదానం, ఆరోగ్య అవగాహన పనులు ఎక్కువగా వీటి ద్వారా నడుస్తాయి. కాలేజీలను పల్లెలతో కలపడానికి 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఉన్న సంస్థ అయితే ఐదు గ్రామాలను దత్తత తీసుకుని ఉంటుంది. సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవాళ్లకు అది మంచి చోటు. ఎన్‌సీసీ దారి వేరు. దానికి కవాతు, క్యాంపులు, బి, సి సర్టిఫికెట్ల లెక్క ఉంటాయి, సమయం కూడా ఎక్కువ కావాలి.

డిగ్రీ పిల్లలు ఒక విషయంలో తికమక పడుతుంటారు. మన రాష్ట్రంలో డిగ్రీలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోర్సులో భాగంగానే ఉంది. దానికి క్రెడిట్లు వస్తాయి, రిపోర్టు రాయాలి, అది చదువు కిందికే వస్తుంది. వాలంటీర్ పని దీనికి అదనం. అయితే రెండింటినీ ఒకే ఊళ్లో పెట్టుకుంటే లాభం. ప్రాజెక్టు సర్వే కోసం ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఊరు తెలుస్తుంది, ఆ పరిచయంతో తర్వాతి రెండేళ్లూ పనిచేయవచ్చు. రిపోర్టు ఇచ్చేసి ఆ ఊరి మొహం మళ్లీ చూడకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. వాళ్లు మీకు తమ ఇంటి ఆదాయం, అప్పులు కూడా చెప్పి ఉంటారు.

మూడో అడుగు: ఒక్క పని ఎంచుకోండి

నాలుగింటికి పేరిచ్చి ఒక్కదానికీ వెళ్లని వాళ్లను ప్రతి బ్యాచ్‌లో చూస్తుంటాం. ఒక్కటి చాలు. మన క్యాంపస్‌లలో నిజంగా మనుషులు తక్కువపడే పనులు ఇవి.

స్క్రైబ్ పని. నా దృష్టిలో క్యాంపస్‌లో దీన్ని మించిన సేవ లేదు. చూపు లేని విద్యార్థి, చేయి సహకరించని విద్యార్థి పరీక్షలో చెబుతుంటే రాసిపెట్టడం. పరీక్షల తేదీలు వచ్చేసరికి వాళ్లు స్నేహితుల్ని, తెలిసినవాళ్ల పిల్లల్ని బతిమాలుకోవాల్సిన పరిస్థితి ఇప్పటికీ ఉంది. స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కన్నా తక్కువ స్థాయిలో ఉండాలనే నియమం సాధారణంగా ఉంటుంది. కాబట్టి డిగ్రీ చదివేవాళ్లు సాధారణంగా పీజీ అభ్యర్థులకు రాయగలుగుతారు. ఏ పరీక్షకు ఏ నియమమో ఆ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, ముందే చదవండి. అనుమతి కోసం అభ్యర్థే దరఖాస్తు చేయాలి. మీ ఫొటో, ఐడీ, చదువు రుజువు వారం ముందే ఇచ్చేయండి.

పరీక్షకు ఒకట్రెండు రోజుల ముందు ఆ విద్యార్థితో ఒక గంట కూర్చోండి. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసి చదవండి. కొందరికి పేపరంతా ఒకసారి వినిపించి, తర్వాత ప్రశ్నలు ఎంచుకోవడం ఇష్టం. కొందరు విభాగం తర్వాత విభాగం వింటారు. మార్కులు ఎన్నో, ‘ఏవైనా ఐదింటికి’ అని ఉందో ‘అన్నింటికీ’ అని ఉందో స్పష్టంగా చదవాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయాలి. తప్పు చెప్పారని మీకు తెలిసినా దిద్దకూడదు, గొంతులోనూ మొహంలోనూ తెలియనివ్వకూడదు. ‘ఇక్కడ కొత్త పేరా మొదలుపెట్టనా?’, ‘ఈ పేరుకు స్పెల్లింగ్ చెబుతారా?’ లాంటివి అడగొచ్చు. జవాబు పూర్తయ్యాక చివరి రెండు వాక్యాలు చదివి వినిపిస్తే వాళ్లకు ఆలోచన తెగకుండా ఉంటుంది. గంటకోసారి టైమ్ చెప్పండి. గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం ఇస్తారు కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలు నడుస్తుంది. కడుపునిండా తిని వెళ్లండి, రాసి రాసి వేళ్లు లాగేస్తాయి.

ఒప్పుకున్నాక రాకపోతే ఏమవుతుందో ఆలోచించండి. పెళ్లి వచ్చిందనో జ్వరం వచ్చిందనో మీరు ఆగితే, అవతలి మనిషికి ఒక సబ్జెక్టు పోతుంది. ఒక్కోసారి ఏడాదీ పోతుంది. అందుకని స్క్రైబ్‌ల జట్టు పెట్టినప్పుడు ప్రతి పేపరుకూ ఇద్దరి పేర్లు రాసుకోవాలి. రెండోవాళ్ల అనుమతి కాగితాలూ ముందే సిద్ధం చేయించాలి.

పరీక్షలు లేని రోజుల్లోనూ పని ఉంటుంది. క్లాసు నోట్సు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది సరిగా అందదు. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు కూడా పనికిరాదు. యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లో మామూలుగా టైప్ చేసే తెలుగులో ఉన్న ఫైలు కావాలి. టైపింగ్ రానివాళ్లు పాఠాన్ని చదివి రికార్డు చేయవచ్చు: మొదట పుస్తకం పేరు, అధ్యాయం, పేజీ నంబరు చెప్పాలి. బొమ్మ వస్తే అందులో ఏముందో మాటల్లో చెప్పాలి. గది తలుపులు వేసి ఫ్యాన్ ఆపాలి. వైకల్యం ఉన్నవారి చదువు కోసం పుస్తకాన్ని ఇలా వేరే రూపంలోకి మార్చడానికి 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ వీలు కల్పించింది, భయం అక్కర్లేదు. ఆ రికార్డింగును మాత్రం అవసరం లేనివాళ్లకు పంచకండి.

రక్తదానం. పద్దెనిమిది నిండి, బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. టాటూ వేయించుకున్నవాళ్లు ఏడాది ఆగాలి. ఇవి అందరికీ తెలిసినవే అనుకుంటాం గానీ శిబిరంలో సగం ప్రశ్నలు వీటి చుట్టూనే తిరుగుతాయి.

పెద్ద శిబిరం పెట్టి ఒక్కరోజే వందల యూనిట్లు ఇప్పించడం గొప్పగా కనిపిస్తుంది. కానీ ఎర్ర రక్తకణాలు నిలవుండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. మన దగ్గర అసలు కొరత వచ్చేది ఎండాకాలంలో, కాలేజీలకు సెలవులిచ్చి దాతలంతా ఊళ్లకు వెళ్లిపోయాక. అందుకే బ్లడ్ బ్యాంకు వైద్యాధికారిని కలిసి ‘ఏ నెలలో ఎన్ని కావాలి’ అని అడిగి, దాతలను రెండు మూడు విడతలుగా పంచండి. ఊళ్లోనే ఉండే డే స్కాలర్లను ఏప్రిల్, మే నెలలకు దాచుకోండి.

దాతల జాబితాలో పేరు, గ్రూపు, ఫోను, చివరిసారి ఇచ్చిన తేదీ ఉండాలి. దాన్ని ఎక్కడా బహిరంగంగా పెట్టవద్దు, అమ్మాయిల నంబర్లు అసలే వద్దు. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే ఒక్క సమన్వయకర్త మాట్లాడి, దాతను అడిగి, ఒప్పుకుంటేనే వెంట మనిషిని ఇచ్చి పంపాలి. రోగి పేరు, వార్డు, డాక్టరు రాసిచ్చిన కాగితం సరిచూసుకోండి. డబ్బు అడిగే దళారులు మధ్యలో దూరేది ఈ తొందరలోనే. హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపిన అమ్మాయిల పేర్లు రాసుకుని, క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో చూపించుకునేలా గుర్తుచేస్తే అదీ ఆ శిబిరం చేసిన మేలే.

సాయంత్రం బడి. క్యాంపస్ గోడ అవతలి ఊరి పిల్లలకు చదువు చెప్పడం. ముందు ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుల్ని కలవండి. ఏ పిల్లలకు సాయం కావాలో ఆయనకు తెలుసు, బడి గది సాయంత్రం వాడుకోనిచ్చేదీ ఆయనే. మొదటి రెండు రోజులు పాఠం చెప్పకుండా ప్రతి పిల్లవాడితో ఒక పేరా చదివించండి. ఐదో తరగతిలో ఉండి ఒత్తులు రానివాళ్లు కనిపిస్తారు: ‘అన్నం’ చదువుతారు, ‘కర్తవ్యం’ దగ్గర ఆగిపోతారు. వాళ్లకు ఇంగ్లిష్ గ్రామర్ మొదలుపెట్టడంలో అర్థం లేదు. ఒత్తులు, ఇరవైలోపు ఎక్కాలు, గడియారం చూడటం. అక్కణ్నుంచి మొదలుపెట్టండి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్ ఉండే బడి పుస్తకాలే మంచి సాధనం, తెలుగు పేజీ చదివాక పక్క పేజీలో అదే వాక్యం చూపించవచ్చు. మడకశిర, రాయదుర్గం వైపు నుంచి వచ్చిన విద్యార్థులకు కన్నడ వచ్చి ఉంటే, ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లల్ని వాళ్లకే అప్పగించండి.

కొన్ని కట్టుబాట్లు తప్పనిసరి. పిల్లవాడితో ఏ వాలంటీరూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు. కొట్టడం, తిట్టడం, కులం పేరు అడగడం ఉండకూడదు. పని కోసం బెంగళూరు వలసపోయే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఒక పిల్లవాడు వరుసగా రాకపోతే ఇంటికెళ్లి కనుక్కుని ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. బాల్యవివాహం మాట చెవిన పడితే మీరే పంచాయితీకి దిగకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

మొక్కలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. నాటిన రోజు ఎన్ని నాటామన్నది ఇక్కడ లెక్కే కాదు, మే నెలాఖరుకు ఎన్ని బతికాయన్నదే లెక్క. కాబట్టి వందకు బదులు ఇరవై నాటండి. వేప, కానుగ, చింత, నేరేడు మన నేలకు సరిపోతాయి. మేకలు కానుగ జోలికి పెద్దగా పోవు. తొలి వానలకు ముందే రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంత తీసి ఎండనివ్వండి. జులై, ఆగస్టుల్లో మంచి పదును చూసి నాటండి. చుట్టూ కంప కట్టండి.

అసలు పని జనవరి నుంచి మొదలవుతుంది. మొక్క పక్కన ఒక మట్టి కుండను మెడదాకా పాతిపెట్టి, నీళ్లు నింపి మూత పెడితే కుండ గోడల గుండా తేమ మెల్లగా ఊరి వేళ్లకు అందుతుంది. మొదలు చుట్టూ శనక్కాయ పొట్టు మందంగా పరిస్తే నేల తొందరగా ఆరదు. ఆ పొట్టు మన దగ్గర మిల్లుల్లో కావలసినంత దొరుకుతుంది. ఒక్కో మొక్కకు ఇద్దరి పేర్లు రాయండి, ఒకరు హాస్టల్ విద్యార్థి, ఒకరు ఊళ్లో ఉండేవారు. సెలవుల్లో క్యాంపస్ తోటపని చేసే అన్నలతో ముందే మాట్లాడి, నీళ్ల పైపు ఎంతవరకు వస్తుందో చూసుకున్నాకే గుంతలు ఎక్కడ తీయాలో నిర్ణయించుకోండి.

హెల్ప్ డెస్క్. డే స్కాలర్లకు సరిపోయే పని ఇది. కొత్తగా చేరిన పల్లెటూరి పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు, హాస్టల్ సీటు అన్నీ ఒకేసారి మీద పడతాయి. భోజన విరామంలో లైబ్రరీ బయట ఒక టేబుల్, ఇద్దరు సీనియర్లు, కావలసిన కాగితాల జాబితా అతికించిన అట్ట ఉంటే చాలు. వాళ్ల ఓటీపీలు, పాస్‌వర్డ్‌లు మీరు అడగవద్దు, వాళ్ల ఫోన్లో వాళ్లచేతే చేయించండి. పదిహేడు నిండినవాళ్లు ఓటు కోసం ముందస్తుగా ఫారం 6 ఇవ్వొచ్చు, అదీ ఈ టేబుల్ దగ్గరే చెప్పవచ్చు. ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంచండి. ఎవరైనా మీ దగ్గర కూర్చుని ఏడిస్తే వినండి, ఒంటరిగా వదలకండి, వార్డెన్‌కో నమ్మకమైన లెక్చరర్‌కో చేర్చండి. వైద్యం చేయబోకండి.

నాలుగో అడుగు: అనుమతి కాగితం

నోటిమాట మీద నడిచిన పని ఏదో ఒకరోజు గేటు దగ్గర ఆగిపోతుంది. ఒక పేజీ ఉత్తరం రాయండి. ఇలా ఉంటే సరిపోతుంది:

‘గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, మా యూనిట్‌కు చెందిన ఆరుగురు విద్యార్థులం ఈ సెమిస్టర్‌లో ప్రతి బుధవారం సాయంత్రం 4.30 నుంచి 5.45 వరకు పక్క గ్రామంలోని ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు చదవడం, రాయడం నేర్పదలచాము. ప్రధానోపాధ్యాయుల సమ్మతి పత్రం జతచేశాము. ప్రోగ్రాం ఆఫీసర్ గారి పర్యవేక్షణలో వెళ్లి, 6.15 కల్లా క్యాంపస్‌కు తిరిగి వస్తాము. విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు, తల్లిదండ్రుల నంబర్లు వెనుక పేజీలో ఉన్నాయి. అనుమతి ఇవ్వగలరని ప్రార్థన.’

సంతకమైన కాపీని వార్డెన్‌కు ఒకటి, సెక్యూరిటీకి ఒకటి ఇవ్వండి. అమ్మాయిలు ఇంట్లో కూడా చెప్పేలా చూడండి. ఊళ్లో ఎవరో చూసి ఫోన్ చేసేదాకా తల్లిదండ్రులకు తెలియకపోతే, మరుసటి వారం ఆ అమ్మాయి రాదు.

ఐదో అడుగు: చిన్న జట్టు, ఒక రిజిస్టరు

ఐదారుగురు చాలు. ఒకరు హాజరు, పని వివరాలు రాయాలి. ఒకరు బడితోనో ఆసుపత్రితోనో మాట్లాడాలి. ఒకరు రాలేనివాళ్ల స్థానంలో ఇంకొకరిని చూడాలి. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు వద్దు, వెళ్లే రోజు ఉదయం ‘వస్తున్నాను’, ‘రాలేను’ అనే రెండు మాటలే. డబ్బు విషయంలో కఠినంగా ఉండండి: బయటివాళ్ల దగ్గర చందాలు వద్దు, ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ డబ్బు వేయించవద్దు. చాక్‌పీసులు, నోటు పుస్తకాలు కావాలంటే వస్తురూపంలో అడగండి, రిజిస్టర్లో రాయండి.

ఆరో అడుగు: ఏడు రోజుల శిబిరం

ప్రత్యేక శిబిరం చాలామందికి కాలేజీ జీవితంలో మరచిపోలేని వారం అవుతుంది. అది ఊరికీ ఉపయోగపడాలంటే నెల ముందే ఒకసారి వెళ్లి రావాలి. సర్పంచ్, ప్రధానోపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, వీళ్లను కలిసి ‘ఏడు రోజులు యాభై మందిమి ఉంటాం, మీకు ఏం చేసిపెట్టమంటారు?’ అని అడగండి. మీరు అవగాహన ర్యాలీ అనుకుని వెళ్తారు, వాళ్లు బడి కాంపౌండు పక్కన పూడిపోయిన కాలువ చూపిస్తారు. కాలువే తీయండి.

ఉండేది బడిలోనో కమ్యూనిటీ హాల్లోనో. అమ్మాయిలకు వేరే గది, మరుగుదొడ్డి, నీళ్లు లేకపోతే శిబిరం పెట్టవద్దు, ఈ ఒక్కటి ఏ సర్దుబాటుకూ లొంగకూడదు. పొద్దున ఎండ ఎక్కకముందు శ్రమదానం, మధ్యాహ్నం సర్వే, సాయంత్రం సభ. పగలు ఊళ్లో ఎవరూ ఉండరు, శనక్కాయ కోతలకో చీనీ తోటలకో వెళ్లి ఉంటారు. పాలు పితికి, వంటలయ్యాక వస్తారు. ఆ వేళకు ముందు మైకు పెడితే వినేది పిల్లలు, ముసలివాళ్లే.

ఉపన్యాసాలు తగ్గించండి. నీళ్లను పొదుపుగా వాడమని అనంతపురం రైతుకు మనం చెప్పాల్సిన పని లేదు. వాళ్లకు తెలియనివి వేరే ఉంటాయి: ప్రమాదంలో గాయపడ్డ మనిషిని ఆసుపత్రికి చేర్చినవాళ్లకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇచ్చిందని, పేరు చెప్పమని బలవంతం చేయరాదని చాలామందికి తెలియదు. ఆ సంగతి చెప్పి, 108 వచ్చేలోగా రక్తం ఎలా ఆపాలో చేసి చూపిస్తే జనం కదలకుండా కూర్చుంటారు. శిబిరం ముగిసిన నెలకు నలుగురైనా మళ్లీ వెళ్లి, సర్వేలో తేలిన పింఛను, రేషన్ కార్డు సమస్యలు సచివాలయంలో ఎందాకా వచ్చాయో కనుక్కోండి.

వరదల సమయంలో

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచినప్పుడు, 2021 నవంబరులో అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఇళ్లు బురదతో నిండిపోయాయి. మళ్లీ అలాంటిది వస్తే ఎవరూ పిలవకుండా బండ్లేసుకుని వెళ్లవద్దు. కాలేజీ ద్వారా జిల్లా అధికారులకు పేర్లిచ్చి, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్లండి. పాత బట్టల మూటలు కన్నా తాగునీళ్లు, దుప్పట్లు, శానిటరీ ప్యాడ్లు, బ్లీచింగ్ పౌడరు, పారలు అవసరమవుతాయి. నీళ్లు తీసిన వారం తర్వాత, అందరూ వెళ్లిపోయాక ఇళ్లలో బురద ఎత్తేవాళ్లు దొరకరు. విద్యార్థుల జట్లు అప్పుడు వెళ్లాలి.

ఏడో అడుగు: రాసుకోవడం, సర్టిఫికెట్, అప్పగింత

వెళ్లొచ్చిన రోజే డైరీలో రాయండి: తేదీ, గంటలు, ఏం చేశాం, మరుసటి వారానికి ఏం మిగిలింది. నెలకోసారి ప్రోగ్రాం ఆఫీసర్ సంతకం తీసుకోండి. రెండేళ్లకు 240 గంటలు, ఒక ప్రత్యేక శిబిరం పూర్తయితే సర్టిఫికెట్‌కు అర్హత వస్తుంది. చివర్లో గంటలు లెక్కేయమంటే ఏ సార్‌కైనా ఇబ్బందే. ఇంటర్వ్యూలో చెప్పాల్సి వస్తే ‘సమాజసేవ చేశాను’ అనకండి. ‘రెండేళ్లు స్క్రైబ్‌ల జట్టు నడిపాను, ఏ పేపరూ మనిషి లేక ఆగలేదు’ అని చేసిన పని చెప్పండి. చేయనిది రాయకండి.

చివరి ఏడాది మొదలవగానే ఇద్దరు జూనియర్లను వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టండి. ప్రధానోపాధ్యాయులకు, బ్లడ్ బ్యాంకు వాళ్లకు, స్క్రైబ్ అవసరమైన విద్యార్థులకు మీరే స్వయంగా పరిచయం చేయండి. రిజిస్టరు, దాతల జాబితా, మొక్కల పటం, అనుమతి ఉత్తరాల కాపీలు ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. ఒక సెమిస్టర్ వాళ్లు నడుపుతుంటే మీరు పక్కన ఉండండి. ఆ తర్వాత గ్రూప్ అడ్మిన్‌గా వాళ్ల పేర్లు పెట్టి, దాతల జాబితాను మీ ఫోన్‌లోంచి తీసేయండి.